రవీంద్రభారతిలో నాటకం ఉంటే తిండి ముందా, తర్వాతా?

తెనాలి_అల్లుడు
వచ్చే శనివారం రవీంద్రభారతిలో పద్యనాటకం ఉంది. మా అత్తగారు, మామగారు దానికోసమే తెనాలి నుంచి వస్తున్నారు. పత్రికలో సాయంత్రం 6 గంటలకని వేశారు. వాళ్లిద్దరినీ, మా ఆవిడనీ, తొమ్మిదేళ్ల మావాణ్నీ కూకట్‌పల్లి నుంచి తీసుకెళ్లాలి. నాటకం గురించి నాకేం బెంగలేదు. బెంగంతా తిండి గురించే.

పోయినసారి జరిగింది చెప్తా. ముందే తినేద్దామని 5 గంటలకి దగ్గర్లోనే ఒక హోటల్లో కూర్చున్నాం. "మాస్టర్ ఇంకా రాలేదు సార్, ఇప్పుడు కాఫీ ఒక్కటే" అన్నాడు సర్వర్. నీళ్లు తాగుతూ అరగంట గడిపాం. తర్వాత ఇడ్లీ వచ్చింది గానీ పెసరట్టు రాలేదు. మా మామగారు ఉండబట్టలేక "పెసలు నానబోశారా, చేలో కోస్తున్నారా?" అని గట్టిగానే అడిగేశారు. హాల్లోకి వెళ్లేసరికి ఐదుగురికీ ఒక్కచోట సీట్లు లేవు, నాలుగు వరుసల్లో సర్దుకున్నాం. నాటకం అయ్యి బయటికి వచ్చేసరికి పదిన్నర. వెళ్లిన ప్రతిచోటా కుర్చీలు బల్లల మీదికి ఎక్కించేస్తున్నారు. మావాడు బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టుకుని నా భుజం మీదే నిద్రపోయాడు.

ఈసారి పరిస్థితి ఇదీ. అత్తగారికి శనివారం రాత్రి అన్నం ఉండదు, పలహారమే. ఆ రోజు ఉల్లిపాయ కూడా ముట్టుకోరు. మామగారికి సుగర్. రాత్రి ఏడున్నరకి మాత్ర, 8 కొట్టేసరికి కంచం ముందుండాలి. మా ఆవిడకి బిర్యానీ. మావాడికి నూడుల్స్. నాకు గొడవ లేకపోతే చాలు.

ముందు తినాలా, తర్వాతా? ఎక్కడ?

బిర్యానీ_భక్తుడు
థియేటర్ అంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, తిండి అంటే బావర్చీ. ఇంకో మాట లేదు. సంధ్య నుంచి నడిచి వెళ్లొచ్చు.

వెనక_వరుస
@బిర్యానీ_భక్తుడు ఆయన నాటకం అన్నాడు స్వామీ, సినిమా అనలేదు. రవీంద్రభారతి నుంచి సంధ్యకి నడిస్తే బిర్యానీ అరిగాక చేరతావు.

బిర్యానీ_భక్తుడు
సరే, నాటకం. అయినా బావర్చీయే.

చిక్కడపల్లి_రావు
ముందుగా ఒక విషయం తెలుసుకోండి. పత్రికలో 6 అని ఉంటే నాటకం 6కి మొదలవదు. 6కి జ్యోతి ప్రజ్వలన కూడా మొదలవదు. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉంటారు. ఆయన వచ్చాక ప్రార్థనా గీతం, స్వాగతం, అధ్యక్షుల వారి తొలి పలుకులు, సన్మానాలు, శాలువాలు, జ్ఞాపికలు, వాటితో ఫొటోలు. శాలువా కప్పేటప్పుడు ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ తీసి మళ్లీ కప్పడం నా కళ్లతో చూశాను. "నాటకానికీ మీకూ మధ్య నేను అడ్డు నిలబడను" అని మొదలుపెట్టిన వక్త కనీసం 20 నిమిషాలు నిలబడతాడు. తెర లేచేసరికి ఏడుంపావు అయితే మీ అదృష్టం, ఏడున్నరైతే మామూలు.

కాబట్టి ముందు తినడానికి మీరనుకునే దానికంటే గంట ఎక్కువే ఉంది. పోయినసారి మీరు హడావుడిగా పరిగెత్తి ఉపన్యాసాలకి హాజరయ్యారు.

తెనాలి_అల్లుడు
@చిక్కడపల్లి_రావు గంట సరే, సీట్లో? ఉచిత ప్రవేశం. ఏడింటికి వెళ్తే దొరుకుతాయా?

చిక్కడపల్లి_రావు
అదే చిక్కు. ఒకరు ముందెళ్లి రుమాళ్లు పరచాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాది. ముప్పై ఏళ్లుగా ఉపన్యాసాలు వింటున్నాను. నాకూ ఒక శాలువా బాకీ ఉన్నారు వాళ్లు.

పాత_మలక్‌పేట
ముందు తినాలంటే కడుపునిండా తినొద్దు అన్నా. ఏసీ హాలు, మెత్తటి కుర్చీ, హార్మోనియం. పూరీ తిని కూర్చుంటే రెండో పద్యానికే గుర్రు. మా నాయన గట్లనే కురుక్షేత్రం మొత్తం నిద్రపోయిండు. లేచి "ఎవరు గెలిచిన్రు?" అన్నడు.

రంగులపెట్టె
స్టేజీ మీద నుంచి మాకన్నీ కనపడతాయండీ, మూడో వరుసలో ఎవరు తూగుతున్నారో కూడా.

ఇరవై ఏళ్లుగా పద్యనాటకాలు వేస్తున్నాను, ఎక్కువగా దుర్యోధనుడు. మా తిండి సంగతి కూడా వినండి. మేం మధ్యాహ్నం మూడున్నరకి తినేసి మేకప్‌కి కూర్చుంటాం. కడుపు బరువుగా ఉంటే పద్యం చివర రాగం లాగలేం, ఊపిరి చాలదు. అలాగని ఖాళీగా ఉంటే కిరీటం బరువుకి కళ్లు తిరుగుతాయి. చల్లనివి ముట్టుకోం. మీసం గమ్‌తో అంటించాక ఇక నమలడానికి లేదు, ఒక చివర ఊడి వచ్చేస్తుంది. టీ కూడా పెదవి తగలకుండా, తల వెనక్కి వంచి పైనుంచి పోసుకోవాలి. ఒకసారి కొత్త కుర్రాడొకడు సైడ్ వింగ్‌లో సమోసా తిని, సగం మీసంతో భీముడిగా వచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు, ఎందుకో వాడికి ఇంటర్వెల్‌లో గానీ తెలియలేదు.

నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుని, నగలు లెక్కచూసి పెట్టెలో సర్ది బయటపడేసరికి పదకొండు దాటుతుంది. నిర్వాహకులు ప్యాకెట్లు ఇస్తారు. పులిహోర, పెరుగన్నం, ఒక అరటిపండు. సాయంత్రం 4 గంటలకి కట్టినవి. ఊళ్లలో పరిషత్తు పోటీలకి వెళ్తే అలా కాదు, రాత్రి రెండైనా ఎవరో ఒకరింట్లో వేడి ఉప్మా, అల్లప్పచ్చడి ఉంటాయి. హైదరాబాద్‌లో మాకు ఆ సమయానికి దిక్కు ఇరానీ హోటలే. రాజులూ మంత్రులూ అందరం చెవుల వెనక ఇంకా కాస్త రంగుతోనే వెళ్లి కూర్చుంటాం. అక్కడి సర్వర్లకి అలవాటే, ఎవరూ వింతగా చూడరు.

ఇంకోటి. అయిపోయే టైము గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. పద్యం బాగా పడిందంటే వెనక నుంచి "వన్స్ మోర్" అని కేక వస్తుంది. మేం ఆగి మళ్లీ పాడతాం. మీ మామగారు తెనాలివారంటున్నారు కదా, ఆ కేకలేసే వాళ్లలో ఆయనా ఉండొచ్చు.

తెనాలి_అల్లుడు
@రంగులపెట్టె ఆయనే మొదటి కేక. మా అత్తగారు చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెడతారు.

మెట్రో_మీనాక్షి
కారు ఎందుకు? కూకట్‌పల్లి నుంచి మెట్రో ఎర్ర లైను ఒకే బండి, మారక్కర్లేదు. లక్డీకాపూల్‌లో దిగినా సరే, అసెంబ్లీ స్టేషన్‌లో దిగినా సరే. రవీంద్రభారతి రెంటికీ మధ్యలోనే. శనివారం సాయంత్రం కార్లో వస్తే అమీర్‌పేట దగ్గరే మీ మామగారి మాత్ర టైము అయిపోతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం పదకొండు దాటాక మెట్రోని నమ్ముకోవద్దు. చివరి బండి టైము ముందే చూసి పెట్టుకోండి.

పాత_మలక్‌పేట
అసెంబ్లీ సమావేశాలు నడుస్తుంటే ఆ రోడ్ల మీద బ్యారికేడ్లు ఎక్కడ పెడ్తరో తెల్వదు, అదీ చూస్కోండ్రి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, ఉంటే నాంపల్లి దిక్కు బండితోని పోవుడే పాపం.

లక్డీకాపూల్_లక్ష్మి
ముందూ తర్వాతా రెండూ కావాలి. ఎలాగో చెప్తా.

నేను 5 గంటలకి ఆబిడ్స్ తాజ్‌మహల్‌లో కూర్చుంటాను. శాకాహారం, పాత హోటల్, పెద్దవాళ్లకి అలవాటైన రుచి. కుర్చీల్లో వెన్ను ఆనించుకుని కూర్చోవచ్చు. అక్కడ నుంచి ఆటోలో హాలుకి. నాటకం అయ్యాక నిలోఫర్ కేఫ్. నిలోఫర్ ఆసుపత్రి దగ్గరే కాబట్టి హాలు నుంచి ఎంతో దూరం లేదు. చాయ్, బన్ మస్కా, ఉస్మానియా బిస్కెట్లు. రాత్రికి అది చాలు. మధ్యలో ఆకలేస్తే ఉపన్యాసాలు మింగండి.

సుగర్_సుబ్బన్న
@లక్డీకాపూల్_లక్ష్మి అమ్మా, సుగర్ మనిషికి రాత్రి పదకొండింటికి బన్ మస్కానా? బన్ను మైదా, మస్కా సంగతి సరే, చాయ్‌లో పంచదార వాళ్లు ముందే కలిపేస్తారు. ఆయన్ని అక్కణ్నుంచే నిలోఫర్ ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు దగ్గరని చెప్తున్నారా?

వెనక_వరుస
@సుగర్_సుబ్బన్న అది పిల్లల ఆసుపత్రి అండీ. మామగారిని చేర్చుకోరు.

సుగర్_సుబ్బన్న
నవ్వులాట కాదు. నాకు పదిహేనేళ్లుగా ఉంది, అనుభవంతో చెప్తున్నా. భోజనానికి ముందు వేసుకునే మాత్ర వేసుకుని, తిండి ఆలస్యం చేస్తే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. రెండేళ్ల కిందట నాకు సరిగ్గా అదే హాల్లో, అంతా చీకట్లో ఉన్నప్పుడు జరిగింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరో పర్సులోంచి పటికబెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది. ఆవిడ పేరు కూడా అడగలేదు.

కాబట్టి తెనాలి_అల్లుడు గారూ, హోటల్ సంగతి వదిలేయండి. ఇంటి నుంచి డబ్బా. నాలుగు ఇడ్లీలు, పొడి, నెయ్యి. ఎనిమిదింటికి ఆయన్ని లాబీలోకి తీసుకెళ్లండి, పది నిమిషాల్లో తినేస్తారు. మాత్ర టైము మార్చాలంటే మాత్రం డాక్టర్ని అడిగే మార్చండి, నాటకం కోసం సొంతంగా జరపకండి.

డల్లాస్_పిన్ని
మా దగ్గర ఈ తంటా లేదు. తెలుగు సంఘం వాళ్ల నాటకానికి టికెట్‌లోనే డిన్నర్. కాకపోతే నాటకం గంట, బిర్యానీ లైను గంటన్నర. ఇంటర్వెల్‌లో సగం జనం మళ్లీ లోపలికి రారు.

బెజవాడ_బాబాయి
ఇదంతా హైదరాబాద్ బాధ. మా తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకం అనుకోండి, ముందే గాంధీనగర్ వెళ్లి బాబాయి హోటల్లో ఇడ్లీ. పైన కారప్పొడి, దాని మీద నెయ్యి పోస్తే పొడి నల్లగా మెరుస్తుంది. చెంచా అడగొద్దు, చేత్తో తినాలి. పావుగంటలో అయిపోయి హాల్లో ఉంటాం.

చిక్కడపల్లి_రావు
@బెజవాడ_బాబాయి ఆయన నాటకం హైదరాబాద్‌లో. మీ ఇడ్లీ కొరియర్ చేస్తారా?

గోదావరి_గట్టు
ఆనం కళాకేంద్రంలో ప్రోగ్రాం ఉంటే మేం రాజమండ్రి రోజ్‌మిల్క్ తాగి వెళ్తాం. తిండి అదే, నీళ్లూ అవే.

వెనక_వరుస
ఇంకా విశాఖ వాళ్లు రాలేదేంటి. వస్తే రాష్ట్రమంతా తిన్నట్టు ఉంటుంది.

లక్డీకాపూల్_లక్ష్మి
@సుగర్_సుబ్బన్న గారూ, బన్ మస్కా మామగారికి అని నేననలేదు. మిగతా నలుగురికి. అయినా డబ్బా మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిన దాంట్లో ఇంకో తప్పు కూడా ఉంది. అత్తగారికి ఉల్లిపాయ కూడదు కదా, హోటల్ టిఫిన్ అనగానే నోరు ఊరింది గానీ ఆ సంగతి ఆలోచించలేదు. సాంబార్లో ఉల్లి, పూరీ కూరలో ఉల్లి, మసాలా దోసెలో ఉల్లి, ఉప్మాలో ఉల్లి, పెసరట్టు మీదైతే చెప్పక్కర్లేదు. మిగిలింది ఇడ్లీ, సాదా దోసె, పెరుగు వడ. చట్నీ కూడా కొబ్బరిదా, ఉల్లి వేసిందా అని అడిగి వేయించుకోవాలి. "సాంబార్ వేరే గిన్నెలో" అని ముందే చెప్పకపోతే ఇడ్లీ మీద పోసి తెస్తారు. ఆ ప్లేటు ఇక ఆవిడ ముట్టుకోరు.

శనివారం_శారద
మా అమ్మా అంతే. బయటికి వెళ్తే పెరుగు వడే. ఒక హోటల్లో దాని మీద కూడా సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి, పైన క్యారెట్ తురుముతో కప్పి తెచ్చారు. అమ్మ ఒక ముద్ద తిని, ఏమీ మాట్లాడకుండా చేతులు కడుక్కుని వచ్చేసింది. ఆ నిశ్శబ్దం ఇంటిదాకా ఉంది.

బిర్యానీ_భక్తుడు
ఇంతమంది ఇడ్లీ గురించి మాట్లాడుతున్నారు, ఆ అమ్మాయి బిర్యానీ సంగతి ఎవరూ ఎత్తరేం? పదేళ్ల నుంచి ఊళ్లో ఉండి కూడా శనివారం అత్తల్లుళ్ల మధ్య ఇడ్లీ తినాలా?

తెనాలి_అల్లుడు
@బిర్యానీ_భక్తుడు మా ఆవిడ ఇది చదివింది. మీకు ధన్యవాదాలు చెప్పమంది.

నాంపల్లి_నవాబు
బిర్యానీ కావాలంటే బషీర్‌బాగ్ కేఫ్ బహార్. రవీంద్రభారతి నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ కన్నా దగ్గర. కానీ ఒక ముచ్చట గుర్తుపెట్టుకోండి. రాత్రి పదిన్నర తర్వాత ఎక్కడికి వెళ్లినా మీకు వచ్చేది హండీ అడుగు, అంటే బిర్యానీ వండిన గిన్నెలో అట్టడుగున మిగిలింది. మసాలా బాగా పడుతుంది, కొందరికి అదే ఇష్టం, నాకూ అదే ఇష్టం. కానీ ముక్క చిన్నగా, అన్నం ముద్దగా రావచ్చు. పొడిపొడిగా, పొడుగ్గా ఉండే పైఅన్నం కావాలంటే కొత్త హండీ దింపే వేళకి ఉండాలి. సర్వర్‌ని "నయా హండీ హై క్యా?" అని అడిగితే నిజం చెప్తాడు. మెనూ కార్డు చెప్పదు. కుటుంబంతో వెళ్లి నిలబడలేరనుకుంటే నాటకానికి ముందే ఒకరు పార్సిల్ తెచ్చుకోవడం నయం. సాలన్, రైతా ప్యాకెట్లు విడివిడిగా కట్టించుకోండి, కార్లో ఒలికితే వాసన వారం పోదు.

పాత_మలక్‌పేట
పార్సిల్ పట్కొని హాల్లోకి పోతవా అన్నా? మటన్ బిర్యానీ వాసనకు కాటిసీన్ల హరిశ్చంద్రుడే లేచొస్తడు.

వెనక_వరుస
వాసన కాదు, చప్పుడు సంగతి చెప్పనా. మా అమ్మ చేతిసంచిలో ఎప్పుడూ జంతికలు ఉంటాయి. ఒకసారి కాటిసీను, హాలంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. మా అమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే చెయ్యి సంచిలోకి పోయింది. కరక్. ముందు వరుసలో నలుగురు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ దాన్ని నమలలేక, మింగలేక, నోట్లోనే నానబెట్టుకుని సీనంతా కూర్చుంది.

రంగులపెట్టె
@వెనక_వరుస మాకు వినిపించింది.

శనివారం_శారద
😂😂

దుగ్గిరాల_పసుపు
మా చిన్నప్పుడు తిండి లేకుండా నాటకం అనేది ఉందా? రాత్రి పదికి మొదలైతే తెల్లారేదాకా. సాయంత్రమే వెళ్లి చాప పరిచి చోటు పట్టేవాళ్లం. ఇంట్లో అన్నాలు తిని, మళ్లీ అక్కడ వేయించిన వేరుశెనక్కాయలు, బొరుగులు, మిరపకాయ బజ్జీ, గోలీ సోడా. బజ్జీల బండివాడికి కథ మొత్తం తెలుసు. ఏ పద్యం తర్వాత జనం లేస్తారో చూసుకుని నూనె వేడి చేసేవాడు. పొద్దున చాప దులిపితే పొట్టు దోసెడు వచ్చేది.

ఇప్పుడు హాల్లో నోరు కట్టేసుకుని కూర్చోవాలి. నాటకానికి జనం తగ్గారంటే తగ్గరా మరి.

చిక్కడపల్లి_రావు
@దుగ్గిరాల_పసుపు జనం తగ్గింది బజ్జీలు లేకనా? ఆ కార్పెట్ మీద వేరుశెనగ పొట్టు పోస్తే ఎవరు ఊడుస్తారండీ. నేను మాత్రం ఈ విషయంలో హాలు వాళ్ల పక్షం.

దుగ్గిరాల_పసుపు
మీరు ఉపన్యాసాల పక్షం కూడా. ముప్పై ఏళ్లు విన్నారు.

బంజారా_బుల్లోడు
తిండి, నాటకం ఒకేచోట కావాలంటే లామకాన్ ఉంది కదా బంజారాహిల్స్‌లో. 2010 నుంచి నడుస్తోంది. ఆరుబయటే కూర్చుని సమోసా, చాయ్, పక్కనే నాటకం. జేబుకి భారం కాదు. నేను సగం సార్లు సమోసా కోసమే వెళ్లి నాటకం చూసి వచ్చాను.

తెనాలి_అల్లుడు
@బంజారా_బుల్లోడు బాగానే ఉంది గానీ అక్కడ కృష్ణుడు కిరీటం పెట్టుకుని పద్యం పాడడు కదా. మా మామగారికి కిరీటం లేకపోతే రిహార్సల్ కింద లెక్క.

లలితకళ_అభిమాని
పిల్లవాణ్ని తీసుకెళ్తున్నారు కాబట్టి చెప్తున్నా. వాడికి పద్యనాటకం బోరు కొడితే ఎప్పుడైనా సురభి వాళ్ల నాటకం చూపించండి. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో మా పిల్లలు చూశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబం, తరతరాలుగా అదే పని. తీగల మీద మనుషులు ఎగురుతారు, పొగలు వస్తాయి, రెప్పపాటులో తెరలు మారిపోతాయి. తిండి విషయంలో మాత్రం జాగ్రత్త, ఘటోత్కచుడు లడ్డూలు మింగే సీను వచ్చిందంటే పిల్లలు "ఆకలి" అని మొదలుపెడతారు. మావాడు బయటికి రాగానే లడ్డూ అన్నాడు. రాత్రి పదింటికి నాంపల్లిలో లడ్డూ కోసం తిరిగి, చివరికి మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం పెట్టించి ఒప్పించాను.

నాంపల్లి_నవాబు
ఐస్‌క్రీం పేరెత్తారు కాబట్టి, సీతాఫలం సీజన్ అయితే మొజంజాహీ మార్కెట్‌లో ఫేమస్ అనే ఐస్‌క్రీం షాపుకి వెళ్లి సీతాఫలందే అడగండి. రాతి కట్టడం, లైట్లేశాక రాత్రిపూట ఇంకా బాగుంటుంది. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని తినాలి. పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవచ్చు. అదే వైపు రామ్ కీ బండీ దోసె కూడా ఉంది గానీ...

పాత_మలక్‌పేట
అది తెల్లారుజామున పెడ్తడు అన్నా. అందాక వన్స్ మోర్ కొడ్తనే ఉండాలె.

సుగర్_సుబ్బన్న
సుగర్ మనిషి ఉన్న చర్చలో బన్ను, లడ్డూ, ఐస్‌క్రీం, వెన్న దోసె. కానివ్వండి.

మెట్రో_మీనాక్షి
ఎవరూ చెప్పలేదు, లక్డీకాపూల్ అంటే ద్వారకా హోటల్ గుర్తొస్తుంది నాకు. కవులు అక్కడ గంటల తరబడి కూర్చునేవాళ్లని నాన్న చెప్పేవారు. ఒక చాయ్‌కి ఎన్ని కవితలో అని సర్వర్ల గొణుగుడట.

చిక్కడపల్లి_రావు
నాన్నగారు చెప్పింది నిజమే. చాయ్ చల్లారేది, చర్చ చల్లారేది కాదు.

రంగులపెట్టె
చివరగా నా సలహా. నాలుగింటికే ఇంట్లో పెద్దవాళ్లకి పలహారం పెట్టేయండి. మామగారికి ఎనిమిదింటి డబ్బా వేరే కట్టండి. మెట్రోలో రండి. మీరొక్కరే ముందొచ్చి సీట్లు పట్టండి, రావు గారిలాగే. నడవా పక్క సీట్లే పట్టండి, మధ్యలోంచి లేస్తే పది మోకాళ్లు దాటాలి. పద్యం మధ్యలో లేవనివ్వకండి, సీను మారేటప్పుడు లేపండి. మాకూ బాధ తప్పుతుంది.

తెనాలి_అల్లుడు
@రంగులపెట్టె శనివారం మీరున్నారా అందులో?

రంగులపెట్టె
ఉన్నాను. గద పట్టుకుని వచ్చే భీముణ్ని నేనే. ఈసారి వేషం మారింది.

తెనాలి_అల్లుడు
ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను. ఇప్పుడే లేచాం అందరం.

ఏం జరిగిందంటే, నాలుగున్నరకి ఇంట్లోనే అత్తగారు తన ఉప్మా తనే చేసుకున్నారు, ఉల్లి లేకుండా, జీడిపప్పు వేసి. మిగిలినవాళ్లమూ అదే తిన్నాం. నేను అయిదుంపావుకే బయల్దేరి ఆరు కొట్టేసరికి హాల్లో ఉన్నా. నడవా పక్క నుంచి ఐదు సీట్లు, ఐదు రుమాళ్లు. ముఖ్య అతిథి 6:50కి వచ్చారు. నాలుగు శాలువాలు. ఒకాయన "క్లుప్తంగా రెండు ముక్కలు" అని మైకు పుచ్చుకున్నప్పుడు నేను గడియారం చూశాను, 23 నిమిషాలు. రావు గారూ, మీకు నమస్కారం. తెర 7:35కి లేచింది. మావాళ్లు ఏడున్నరకి తాపీగా నడుచుకుంటూ వచ్చారు.

ఎనిమిదింటికి సీను మారుతుంటే మామగార్ని లేపాను. "ఇప్పుడా? రాయబారం రాబోతుంటే?" అన్నారు. అత్తగారు ఒక చూపు చూశారు, లేచారు. డబ్బా పట్టుకుని లాబీలోకి వెళ్లాం. చూస్తే అక్కడ గోడవార ముగ్గురు పెద్దమనుషులు డబ్బాలు విప్పుకుని కూర్చుని ఉన్నారు! ఒకాయన జొన్న రొట్టె, ఒకాయన గోధుమరవ్వ ఉప్మా, ఇంకొకాయన పుల్కాలు. ముగ్గురికీ సుగరే. మా మామగారు ఇడ్లీ విప్పగానే జొన్న రొట్టె ఆయన "ఏ ఊరండీ?" అన్నారు. తెనాలి అనగానే ఇంక అయిపోయింది. ఎవరెవరు కృష్ణుడు వేస్తే చూశారో లెక్కలు, ఫలానా ఆయన గొంతు, ఫలానా ఆయన నడక. ఒకరి పచ్చడి ఒకరి మూతలోకి. నేను పక్కన నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డా.

ఈలోపు తలుపు సందులోంచి పద్యం మొదలైంది. నలుగురూ నమలడం ఆపేశారు. రాగం లాగి లాగి చివరికి వచ్చేసరికి మామగారు ఇడ్లీ ముక్క చేతిలో ఉండగానే బయట నుంచే "వన్స్ మోర్!" అని కేకేశారు. మిగతా ముగ్గురూ అందుకున్నారు. తలుపు దగ్గరున్న కుర్రాడు వేలు పెదాల మీద పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. లోపల కృష్ణుడు మాత్రం మళ్లీ పాడాడు.

అయ్యేసరికి 10:40. నిలోఫర్‌కి వెళ్లాం, కిటకిట, అయినా టేబుల్ దొరికింది. అత్తగారు ఉస్మానియా బిస్కెట్ చేతిలోకి తీసుకుని "ఇందులో గుడ్డు వేస్తారా?" అని అడిగి, ఎందుకైనా మంచిదని పెట్టేసి, చాయ్ మాత్రం రెండు కప్పులు తాగారు. మావాడు బన్ మస్కా రెండు తిని నూడుల్స్ మాట మర్చిపోయాడు. మా ఆవిడ బిర్యానీ పార్సిల్ తీసుకుంది. హండీ అడుగే, నవాబు గారూ. ఇంటికి వచ్చాక పన్నెండింటికి, అంటే ఆదివారం వచ్చాక, వంటింట్లో నిలబడి తిన్నది. శనివారం ముగిసింది కాబట్టి అత్తగారు ఏమీ అనలేదు, కిటికీ మాత్రం తెరిచారు.

రంగులపెట్టె
బయట నుంచి ఆ కేక వేసింది మీ మామగారా! మా కృష్ణుడు అది గేటు దగ్గర డ్రైవర్లదనుకున్నాడు. మళ్లీ పాడాలా వద్దా అని హార్మోనిస్టు వైపు చూశాడు పాపం.

సుగర్_సుబ్బన్న
పొద్దున రీడింగ్ ఎంత వచ్చింది?

తెనాలి_అల్లుడు
@సుగర్_సుబ్బన్న 128. ఆయన ఆ నంబరు ఫోన్లో మిగతా ముగ్గురికీ చెప్పారు. వాళ్లూ వాళ్లవి చెప్పారు. పై నెల నాటకానికి కూడా అదే గోడ దగ్గర కలుసుకుంటారట.

చిక్కడపల్లి_రావు
ఇంకేం, ఈసారి సీట్లు పట్టకండి. గోడ పట్టండి.

దుగ్గిరాల_పసుపు
అసలు సంగతి చెప్పలేదు. ఒకరి పచ్చడి ఒకరి మూతలోకి అన్నారు. ఏం పచ్చడి?

తెనాలి_అల్లుడు
జొన్న రొట్టె ఆయనది పండుమిరప. మాది గోంగూర. ఉల్లిపాయ లేనిది.